పాత బుల్లెట్‌పై దూర ప్రయాణాలు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే బండిని గురించినవి. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మొదట ఇంగ్లండు నుంచి తెప్పించిన భాగాలతో కూర్చి, ఆ తరువాత పూర్తిగా ఇక్కడే తయారుచేసిన 346 సీసీ బుల్లెట్, అదే ఇనుప సిలిండర్‌తో, అవే 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) కొలతలతో ఐదు దశాబ్దాలకు పైగా మన రోడ్ల మీదికి వస్తూనే ఉండేది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఇమిడిన కొత్త నమూనాలు వచ్చాక దాని తయారీ ఆగింది. అయినా కాస్ట్ ఐరన్ బండి అని మనవాళ్లు పిలుచుకునే ఆ పాత బుల్లెట్ల మీద ఇప్పటికీ శ్రీశైలానికీ, అరకుకూ, హంపికీ ప్రయాణాలు కట్టేవారు తక్కువేమీ కాదు. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ బండికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా 1994 మోడల్ బుల్లెట్‌ను రెండు మూడు వారాలు ఆపి తీసినప్పుడల్లా సైలెన్సర్ నుంచి వీధంతా కమ్మేసేంత పొగ వస్తోంది. కాసేపటికి తగ్గుతుంది. ఇంజిన్ కింద ఆయిల్ కూడా కారుతోంది. ఆయిల్ తగ్గినట్టు కనిపిస్తే ఎప్పటికప్పుడు పోస్తూనే ఉన్నాను. బండి బోరుకు వచ్చిందనీ (సిలిండర్ అరిగిందని), బోరింగ్ చేయించి, అంటే సిలిండర్‌ను కోసి వెడల్పు చేయించి, పిస్టన్ మార్చాలనీ మెకానిక్ అంటున్నారు. వచ్చే నెల మిత్రులతో గండికోట మీదుగా హంపి వెళ్లాలనుకుంటున్నాం. ఈలోగా బోరింగ్ చేయించమంటారా? (నంద్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బోరింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ‘ఆపి తీసినప్పుడల్లా’, ‘కాసేపటికి తగ్గుతుంది’ అని మీరు రాసిన రెండు మాటలూ పిస్టన్ కన్నా ముందు అనుమానించవలసిన చోటు వేరే ఉందని చెబుతున్నాయి. ఈ ఇంజిన్‌కు ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు. క్రాంక్, అంటే పిస్టన్ ఊపును తిప్పుడుగా మార్చే ఇరుసు, తిరిగే గదికి వెనుక, అదే పోతలో, ఒక అరగా ఉంటుంది. ఒక పంపు ఆ అరలోని ఆయిల్‌ను, పిస్టన్ కడ్డీ క్రాంక్‌ను పట్టుకునే చోటైన బిగ్ ఎండ్‌కు పంపిస్తే, ఇంకొక పంపు క్రాంక్ గదిలోకి జారినదాన్ని తోడి మళ్లీ అరలో పోస్తుంది. బండి వారాల తరబడి కదలకుండా ఉన్నప్పుడు పంపు బిళ్ల అరిగి ఉంటే, దాని సందులోంచి ఆయిల్ కొద్దికొద్దిగా క్రాంక్ గదిలోకి దిగిపోతుంది. స్టార్ట్ చేయగానే తిరిగే క్రాంక్ ఆ ఆయిల్‌ను సిలిండర్ గోడలకు చిమ్ముతుంది, పిస్టన్ రింగులు దానినంతా తుడవలేవు, పొగ వస్తుంది. తోడే పంపు పని పూర్తిచేసేసరికి పొగ తగ్గుతుంది.

మీరు ఎప్పటికప్పుడు ఆయిల్ పోయడమే ఈ ఇబ్బందిని పెంచి ఉండవచ్చు. నిలిపి ఉంచిన బండిలో డిప్‌స్టిక్ చూస్తే, ఆయిల్ క్రాంక్ గదిలో ఉంది కాబట్టి అరలో తక్కువగానే కనిపిస్తుంది. అది చూసి పోస్తే, బండి నడిచాక ఉండవలసినదానికన్నా ఎక్కువవుతుంది; ఆ మిగులు కొంత పొగగా, కొంత సందులలోంచి కారుతూ బయటపడుతుంది. ఈ బండి మొత్తం పట్టేది సుమారు 2.25 లీటర్లు. కనుక ఆయిల్ మట్టాన్ని పది పదిహేను నిమిషాలు నడిపి ఆపిన కొద్దిసేపటికే చూడాలి తప్ప, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌లో చూడకూడదు. ఈసారి బండి మూడు వారాలు ఆగినప్పుడు స్టార్ట్ చేయకముందే క్రాంక్ గది అడుగు బోల్టు విప్పి, వచ్చిన ఆయిల్‌ను ఒక కొలగిన్నెలో పట్టండి. గిన్నెడు ఆయిల్ వచ్చి, ఆ తరువాత స్టార్ట్ చేసినప్పుడు పొగ రాకపోతే మీ రోగం పంపు దగ్గర ఉన్నట్టు. పంపు బిళ్లను గాజు పలక మీద సన్నటి రుద్దుడు పేస్టుతో చదునుగా నూరి కూర్చడం, లేదా కొత్తది వేయడం ఒక పూట పని. అది కూడా అత్యవసరం కాదు. నెలకు ఒకసారే బండి తీసేవారు ప్రతిసారీ ఆ బోల్టు విప్పి, వచ్చిన ఆయిల్ శుభ్రంగా ఉంటే తిరిగి పోసుకుని ఏళ్లు గడిపేస్తున్నారు.

కారుడు విషయంలో గ్యాస్కెట్లు మార్చేముందు బ్రీదర్‌ను చూడండి. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్ గదిలోని గాలి బయటికి పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. అందుకోసం మీ మోడల్‌లో బాతు ముక్కులా ఉండే రబ్బరు కవాటం ఒకటి ఉంటుంది. అది గట్టిపడి మూసుకుపోయినా, దాని గొట్టం మడత పడినా, లోపలి ఒత్తిడి ఏ సందు దొరికితే ఆ సందులోంచి ఆయిల్‌ను తోసేస్తుంది. కొత్త గ్యాస్కెట్ వేసిన నెలకే మళ్లీ కారుతోందని వాపోయే వారిలో చాలామంది బండ్లకు ఆ చిన్న రబ్బరు ముక్క మారిస్తే సరిపోయేది.

ఇంత చేశాక కూడా పొగ తగ్గకపోతే అప్పుడు బోరు సంగతి ఆలోచించవచ్చు. యాక్సిలరేటర్ తిప్పి ఎత్తు ఎక్కుతున్నంతసేపూ నీలిపొగ వస్తుంటే రింగులను, దిగువలో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పిన క్షణంలో గుప్పుమంటే వాల్వ్ గైడ్లను (వాల్వ్ కాడలు జారే గొట్టాలను) అనుమానించాలి. ప్లగ్ తీసి రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ పోసి, ప్లగ్ బిగించి కిక్కర్‌ను చేతితో నొక్కి చూడండి. అంతకుముందు తేలికగా దిగిన కిక్కర్ ఇప్పుడు గట్టిగా నిలబడితే రింగుల దగ్గర లీకు ఉన్నట్టు. తేడా లేకపోతే లీకు వాల్వ్‌ల దగ్గర. ఈ పరీక్షకు గంట కూడా పట్టదు. సిలిండర్ గోడను కొలవకుండా బోరింగ్ చేయమనే ఏ మెకానిక్ మాటనూ నేను ఒప్పుకోను, ఎందుకంటే ఇనుప సిలిండర్‌ను కొద్దిసార్లు మాత్రమే పెద్దది చేయగలం, అందులో ఒక అవకాశాన్ని ఊరికే పోగొట్టుకున్నట్టు అవుతుంది. పైగా బోరింగ్ అయిన ఇంజిన్‌ను మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా, 50 కిలోమీటర్ల వేగం దాటకుండా నడపాలి. అలాంటి ఇంజిన్‌తో మిత్రుల బృందంతో సమానంగా హంపి దాకా వెళ్లడం పిస్టన్ బిగుసుకుపోయి ఇంజిన్ సీజ్ చేయించుకోవడానికి దగ్గరి దారి.

ప్రశ్న: హైదరాబాద్, విజయవాడ రహదారిపై నలభై యాభై కిలోమీటర్లు నడిచాక నా బుల్లెట్ మిస్సింగ్ కొట్టి ఆగిపోతోంది. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ప్లగ్ మార్చాను, కార్బురేటర్ కొత్తది వేయించాను, గుణం కనిపించలేదు. పాయింట్లు (ప్లగ్‌కు నిప్పురవ్వ పుట్టేలా కరెంటును తెంచే స్విచ్చు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించమని అందరూ సలహా ఇస్తున్నారు. (సూర్యాపేట పాఠకుడు)

జవాబు: వేడెక్కాక ఆగి, చల్లారాక నడిచే బండిని చల్లారిన తరువాత షెడ్డుకు తీసుకెళితే మెకానిక్‌కు తప్పు కనిపించదు, అందుకే ఆయన వస్తువులు మార్చుకుంటూ పోతున్నారు. పరీక్ష బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే జరగాలి. ఆగగానే ముందుగా పెట్రోల్ ట్యాంకు మూత తెరవండి. ‘ఉస్’మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, వెంటనే కిక్ కొడితే స్టార్ట్ అయితే, మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. పెట్రోల్ దిగేకొద్దీ ఆ చోటికి గాలి చేరక ప్రవాహం ఆగిపోతుంది, అరగంటలో గాలి మెల్లగా చేరి మళ్లీ మామూలవుతుంది. ఒక సన్నటి సూదితో తీరే పని ఇది.

చప్పుడేమీ రాకపోతే, చేతికి గుడ్డ చుట్టుకుని ప్లగ్ తీసి, దానిని క్యాప్‌లో పెట్టి సిలిండర్ హెడ్ లోహానికి ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకుని కిక్ కొట్టించండి. నిప్పురవ్వ నీలంగా, చప్పుడుతో పడితే తప్పు ఇంధనం వైపు ఉంది. పసుపు రంగులో బలహీనంగా ఉన్నా, అసలు రాకపోయినా తప్పు కరెంటు వైపు ఉంది. అప్పుడు పాయింట్ల మూత తీసి, ఇగ్నిషన్ వేసి, పాయింట్లను గోటితో తెరిచి మూయండి. వాటి మధ్య పెద్ద రవ్వ పేలుతుంటే, అంచులు నల్లగా కాలి ఉంటే, ఆ రవ్వను అణచే కండెన్సర్ పోయింది. కండెన్సర్ వేడికి చెడి చల్లారితే కోలుకోవడం దానికి అలవాటే. కండెన్సర్ మార్చినా అదే తంతు జరిగితే ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను చూడాలి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు నేను విరోధిని కాను. పాయింట్లలో అరిగే భాగం ఉంటుంది, అరిగేకొద్దీ సందు తగ్గి ఇగ్నిషన్ ఆలస్యమవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పికప్ పోతుంది. ఆ బెడద ఎలక్ట్రానిక్ పెట్టెకు లేదు. కానీ ఆ పెట్టె నల్లమల మధ్యలో పనిచేయడం మానేస్తే చేయగలిగిందేమీ లేదు. పాయింట్లయితే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు), చిన్న స్క్రూడ్రైవర్, కొత్త కండెన్సర్ ఉన్న మనిషి రోడ్డు పక్కనే కూర్చుని సరిచేసుకోగలడు. ఏది పెట్టుకున్నా, తీసేసిన పాయింట్ల పలకను సర్దిన సందుతో సహా టూల్ బాక్సులో ఉంచుకోండి. సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. క్యామ్ మీద కొద్దిపాటి గ్రీజు రాయాలి, ఎక్కువైతే అది పాయింట్ల మీదికి చిమ్ముతుంది. పలక కింద ఉండి, వేగం పెరిగేకొద్దీ ఇగ్నిషన్‌ను ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు కూడా స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూడండి. వాటిని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు, తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి, నిందంతా కార్బురేటర్ మీద పడుతుంది.

ప్రశ్న: ఇంజిన్ కుడివైపు టకటకమని శబ్దం వస్తోంది. టాపెట్లు (వాల్వ్‌లను ఎత్తే కడ్డీల సర్దుబాటు) బిగించినప్పుడు పోతుంది, కానీ అప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొండికేస్తోంది. (తణుకు పాఠకుడు)

జవాబు: రెండో ఫిర్యాదు మొదటిదానికి చేసిన వైద్యం వల్లే వచ్చింది. ఈ ఇంజిన్‌లో టాపెట్లను చల్లగా ఉన్నప్పుడు, అంటే రాత్రంతా ఆగిన బండిలో, పిస్టన్ కంప్రెషన్ పైకొసన ఉండగా సర్దాలి. కుడివైపు చిన్న మూత తీస్తే వాల్వ్‌లను కదిపే ఆ కడ్డీల, అంటే రెండు పుష్‌రాడ్ల, అడుగుభాగాలు కనిపిస్తాయి. వేళ్లతో తిప్పితే పుష్‌రాడ్ హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతకన్నా బిగిస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ తగ్గి స్టార్టింగ్ కష్టమవుతుంది, అలాగే వదిలేసి ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. లాక్ నట్ బిగించేటప్పుడు సర్దుబాటు మారిపోతుంది కాబట్టి బిగించాక మళ్లీ తిప్పి చూడటం తప్పనిసరి. ఈ బండిలో కొద్దిపాటి టాపెట్ చప్పుడు సహజం. చప్పుడు బొత్తిగా లేని పాత బుల్లెట్‌ను చూస్తే నాకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ కలుగుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి బుల్లెట్‌ను నేను నడపాలనుకుంటున్నాను. కిక్ కొట్టినప్పుడు అది ఎదురుతన్ని మోకాలు నొప్పి చేసింది. బలం సరిపోకపోవడమే కారణమని ఇంట్లో అంటున్నారు. (హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: బలంతో దీనికి సంబంధం లేదమ్మా, పిస్టన్ ఎక్కడ ఉందో తెలుసుకుని కొట్టడమే కావాలి. ఇగ్నిషన్ వేసి కిక్కర్‌ను మెల్లగా నొక్కుతూ హెడ్‌లైట్ దగ్గరున్న అమ్మీటర్‌ను చూడండి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు డిశ్చార్జి వైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకు వస్తుంది. కిక్కర్ గట్టిగా అడ్డుపడిన చోట ముల్లు మధ్యలో ఉంటే పిస్టన్ కంప్రెషన్ పైకి వచ్చినట్టు. అప్పుడు సిలిండర్‌లోని ఒత్తిడిని వదిలించే డీకంప్రెషన్ లీవర్ పట్టుకుని కిక్కర్‌ను ఇంకొక్క రవ్వంత దించి, లీవర్ వదిలి, కిక్కర్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, యాక్సిలరేటర్ తిప్పకుండా ఒక్క ఊపులో చివరిదాకా తన్నండి. సగంలో ఆపిన తన్నే ఎదురు తంతుంది. ఇంత పద్ధతిగా చేసినా ఎదురుతన్నుతుంటే ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగి ఉంటుంది, అది సరిచేయించేదాకా మీ కాలిని పణంగా పెట్టవద్దు. ఇంకొక మాట: పాత మోడల్ కాబట్టి గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి, మొదటి గేరు పైకి, మిగిలినవి కిందికి. స్కూటర్, కొత్త మోటార్‌సైకిల్ అలవాటైన కాలు అత్యవసరంలో బ్రేకు అనుకుని గేరు తొక్కుతుంది. కొన్ని రోజులు ఖాళీ మైదానంలో సాధన చేసి రోడ్డెక్కండి.

ప్రశ్న: అనంతగిరి ఘాట్ దిగి శృంగవరపుకోట చేరేసరికి ముందు బ్రేకు లీవర్ హ్యాండిల్‌కు ఆనేంత వదులవుతోంది. ఇంటికొచ్చాక మళ్లీ బాగానే ఉంటుంది. డిస్క్ బ్రేకు పెట్టించనా? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగ్‌కు దూరమవుతుంది, లైనింగ్ కూడా వేడికి పట్టు కోల్పోతుంది. దిగువలో బండిని బ్రేకులతోనే ఆపుకుంటూ వస్తే ఏ డ్రమ్ముకైనా ఇదే గతి. ఎక్కడానికి ఏ గేరు పడిందో ఆ గేరులోనే దిగాలి, క్లచ్ పట్టుకుని జారవిడవకూడదు. పెట్రోల్ ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి దిగేవారికి నా దగ్గర సలహా లేదు. వంపుకు ముందే గట్టిగా, కొద్దిసేపు బ్రేకు వేసి పూర్తిగా వదిలేయండి. దారిపొడవునా మెత్తగా ఆనించి ఉంచడమే డ్రమ్మును కాలుస్తుంది.

ఇక బ్రేకు సంగతి. లైనర్లు కొత్తవైనా డ్రమ్ము గుండ్రంగా లేకపోతే పట్టు రాదు. చక్రం తిప్పుతూ లీవర్ మెత్తగా నొక్కితే ఒక చోట పట్టి ఒక చోట వదులుతుంటే, డ్రమ్మును చక్రంతో సహా లేత్ మీద పలుచగా కోయించాలి. స్పోకులు బిగించిన తరువాతే కోయించండి, ముందు కోయిస్తే స్పోకుల లాగుడుకు మళ్లీ వంకరపోతుంది. మీ బండికి రెండు క్యాములున్న ముందు బ్రేకు ఉంటే, వాటిని కలిపే కడ్డీ పొడవు రెండు షూలూ ఒకేసారి తాకేలా సర్ది ఉండాలి. చాలా బండ్లలో ఒకటే పనిచేస్తూ రెండోది తోడుగా తిరుగుతుంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు కేబుల్‌కూ క్యామ్ లీవర్‌కూ మధ్య కోణం లంబంగా ఉండాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ము తెరిచాక నోటితో ఊదవద్దు, గాలి కొట్టించవద్దు, తడిగుడ్డతో తుడవండి. ఇవన్నీ సరిచేశాక కూడా చాలకపోతే డిస్క్ గురించి ఆలోచించండి. కానీ ఫోర్కు, చక్రం, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకదానికొకటి కుదిరే సెట్టు అయితేనే పెట్టించండి. వెల్డింగ్ చేసి తగిలించిన క్యాలిపర్‌తో ఘాట్ దిగడం కన్నా మంచి డ్రమ్ము నయం.

ప్రశ్న: టైర్లలో గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, కానీ కొని చాలా ఏళ్లయింది. గోవా దాకా వెళ్లవచ్చా? (నిజామాబాద్ పాఠకుడు)

జవాబు: టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఏడెనిమిదేళ్లు దాటి, వంచితే గాడుల అడుగున సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే గాడుల లోతు చూసి మోసపోకండి, మార్చండి. ట్యూబులు, రిమ్ము లోపలి పట్టీ కూడా అప్పుడే మార్చించండి.

ప్రశ్న: ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్ల పాత బుల్లెట్ పాడవుతుందని ఒకరు, ఏమీ కాదని ఒకరు అంటున్నారు. (కడప పాఠకుడు)

జవాబు: ఇంజిన్ పగిలిపోదు, అలాగని ఏమీ కాదనడమూ సరికాదు. లీటరుకు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి, మైలేజీ ఆరేడు శాతం తగ్గడం సహజం. ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు. కానీ కార్బురేటర్‌లో పెట్రోల్ దిగే సన్నటి రంధ్రమైన పాత జెట్టు, మామూలు పెట్రోల్ లెక్కకు తగినంత ఇంధనమే ఇస్తుంది కనుక మిశ్రమం పలచబడి ఇంజిన్ కొంచెం వేడిగా నడుస్తుంది. ఎక్కువ దూరం వేగంగా నడిపి ఆపాక ప్లగ్ కొన తెల్లగా సున్నంలా కనిపిస్తే మెయిన్ జెట్ ఒక సైజు పెంచించండి. లేత గోధుమ రంగులో ఉంటే ముట్టుకోవద్దు.

నిజమైన బెడద రబ్బరుకూ ట్యాంకుకూ ఉంది. పాతకాలపు పెట్రోల్ గొట్టం, పెట్రోల్ కాక్‌లోని వాషర్, కార్బురేటర్ సీళ్లు ఉబ్బి మెత్తబడి పెచ్చులుగా ఊడతాయి. ఆ పెచ్చులు జెట్టులో చేరతాయి. వాటన్నిటినీ ఒకేసారి ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వానకాలంలో నెలల తరబడి సగం నిండిన ట్యాంకులో ఆ నీరు అడుగుకు చేరి ఇనుప రేకును తినేస్తుంది. కాబట్టి బండిని ఎక్కువకాలం ఆపవలసి వస్తే పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఖాళీ చేయండి, ట్యాంకు నిండుగానైనా ఉంచండి, పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టనైనా ఆరబెట్టండి.

ప్రశ్న: క్రాంక్ కేసు పగిలింది. పాత సామాన్ల బజారులో మంచి కేసు దొరికింది, దాని మీద వేరే ఇంజిన్ నంబరు ఉంది. వేయించవచ్చా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: ముందు పగులు ఎక్కడుందో చూడండి. బేరింగ్ కూర్చునే చోట కాకుండా బయటి అంచులో ఉంటే, అల్యూమినియం వెల్డింగ్‌లో చేయి తిరిగినవారు అతికించి, అతుకు ముఖాన్ని లేత్ మీద చదును చేసి ఇవ్వగలరు. మీ నంబరు మీకే మిగులుతుంది. కేసు మార్చక తప్పకపోతే, ఆ కేసు ఏ బండిదో తెలిపే పత్రం, అమ్మకపు రసీదు లేకుండా కొనవద్దు. మార్పుకు రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త నంబరును ఆర్‌సీలో నమోదు చేయించాలి. పాత నంబరును అరగదీసి మీ నంబరు కొట్టిస్తామని బజారులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది నేరం. మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటి ఉంటాయి కనుక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లక తప్పదు, అక్కడ ఇంజిన్ నంబరునూ ఛాసిస్ నంబరునూ ఆర్‌సీతో పోల్చి చూస్తారు.